మడ్డి లెక్క

రెండేళ్ల కిందట ఒక రాత్రి అమెరికా నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సెలవు రోజుల్లో ఇంట్లో బీరు కాచుకోవడం అతని సరదా. (అక్కడ 1978లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం సొంత వాడకానికి ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోవచ్చు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసు. కాబట్టి ఇది చదివి ఎవరూ బిందెలు కడగడం మొదలుపెట్టకండి.)

ఆ సారి అతను మామూలు బీరు కాకుండా 'బార్లీ వైన్' అనే ఘాటు రకం పెట్టాడు. "మామయ్యా, పది రోజులైంది. 1.092 దగ్గర మొదలైంది, 1.045 దగ్గర ఆగిపోయింది. ఇక కదలడం లేదు" అన్నాడు. అక్కడి మిత్రుడొకాయన వచ్చి చూసి, డ్రమ్ము నైరుతి మూలలో పెట్టడం వల్లే ఇలా అయింది, పొంగే వస్తువు ఈశాన్యంలో ఉండాలి అని చెప్పాడట. నేను పగలబడి నవ్వాను. అల్లుడూ నవ్వాడు. నవ్వులయ్యాక, "అది సరే మామయ్యా, మరి ఎందుకు ఆగింది?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు.

నేను చదివింది బి.కామ్. ఉద్యోగమంతా రక్షణ లెక్కల శాఖలో గడిచింది. ఎదుటివాడి లెక్క తప్పు అని చెప్పడం ఆడిట్‌లో సగం పనే. సరైన లెక్క ఏమిటో చూపించడం రెండో సగం. మన హేతువాదులం మొదటి సగం బాగా చేస్తాం. రెండో సగం దగ్గర చాలాసార్లు ఫైలు మూసేస్తాం. ఆ రాత్రి నేనూ అదే చేశానని అనిపించింది. అందుకే ఈస్టు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అది బీరు కథలా కాక మన కథలా కనిపించింది.

1. గ్రావిటీ అంటే ఏమిటి

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడి నీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని వర్ట్ అంటారు. నీటి బరువు 1 అనుకుంటే అదే కొలత వర్ట్ బరువు ఎంతో చెప్పేదే గ్రావిటీ. మామూలు బీరుకు వర్ట్ 1.045, 1.050 ప్రాంతంలో ఉంటుంది. 1.080 దాటితే 'హై గ్రావిటీ' అనవచ్చు. పంచదార ఎంత ఎక్కువో బరువు అంత ఎక్కువ. ఈస్టు ఆ పంచదారను తిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. పులిసిన కొద్దీ గ్రావిటీ తగ్గుతుంది. మా అల్లుడిది 1.022 దాకా దిగాలి. సగం దారిలో ఆగింది.

లెక్కల మనిషిగా నాకు నచ్చిన సంగతి ఒకటి: ఈ కొలతను ఇంగ్లండులో ఇంటింటి మాటగా చేసినవాళ్లలో పన్ను అధికారులున్నారు. 1880 నుంచి 1993 వరకు అక్కడ బీరు మీద సుంకం వేసింది ఈ మొదటి గ్రావిటీని బట్టే.

2. దేవుడి దయ, మన కిణ్వం

మన ఉపన్యాసాల్లో తరచు ఒక మాట చెబుతుంటాం. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని చట్టం చేశారు, అందులో ఈస్టు పేరే లేదు, అంటే అప్పటివాళ్లకు ఈస్టు సంగతే తెలియదు అని. నేనూ రెండు మూడు సభల్లో చెప్పాను. అది తప్పు. అంతకు 48 ఏళ్ల ముందే, 1468లో, ఇంగ్లండులోని నార్విచ్ పట్టణపు రికార్డుల్లో ఈస్టు ప్రస్తావన ఉంది. దాని పేరు 'గాడ్ ఈజ్ గుడ్'. అది దేవుడి దయ వల్ల వచ్చేది కాబట్టి బీరు కాచేవాళ్లు అడిగినవాళ్లకు ఇవ్వాలన్నది అక్కడి ఏర్పాటు.

అంటే వస్తువు తెలుసు. పాత పీపా నురగ తీసి కొత్త పీపాలో వేస్తే పులుస్తుందని తెలుసు. మన ఆడవాళ్లు పాలు తోడుపెట్టినట్టే. తెలియనిది ఒక్కటే, అది ప్రాణమున్న జీవి అని.

ఇదే మాట మన వైపు కూడా చెప్పుకోవాలి. అర్థశాస్త్రం రెండో అధికరణంలో సురాధ్యక్షుడి ప్రకరణం ఉంది. మినుముల ముద్ద, బియ్యం, కొన్ని మూలికలు కలిపి సుర కోసం 'కిణ్వం' చేసే పద్ధతి అందులో కొలతలతో సహా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో 'కిణ్వనం' అనే మాట ఆ వేరు నుంచి వచ్చిందే. ఇది చూపించి మన పూర్వీకులకు సూక్ష్మజీవశాస్త్రం తెలుసనే వాళ్లు ఒక పక్క, అదంతా చాదస్తం అని కొట్టేసేవాళ్లు ఇంకో పక్క. ఇద్దరూ పొరపాటే. నార్విచ్‌వాళ్లకు ఎంత తెలుసో మనవాళ్లకూ అంతే తెలుసు: తోడు వేస్తే పులుస్తుంది. అది చిన్న జ్ఞానం కాదు. అలాగని జీవకణాన్ని చూడడమూ కాదు.

3. లవాయిజే ఖాతా పుస్తకం

కణాన్ని మొదట చూసినవాడు హాలెండుకు చెందిన లీవెన్‌హుక్. 1680లో బీరు ఈస్టును తన భూతద్దం కింద చూసి చిన్న చిన్న గోళాలున్నాయని రాశాడు. అవి ప్రాణులని అతను అనుకోలేదు. ఆ తరవాత ఒక శతాబ్దం పైగా ఆ గోళాలను ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

1789లో లవాయిజే వచ్చాడు. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఈయన జీవనోపాధికి పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్థుడు. ఆ ఉద్యోగమే 1794లో ఆయన్ని గిలెటిన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పులియడాన్ని అచ్చంగా జమాఖర్చులాగా రాశాడు. 400 పౌన్ల నీళ్లు, 100 పౌన్ల పంచదార, 10 పౌన్ల ఈస్టు ముద్ద, మొత్తం 510 పౌన్లు జమ. పులిసిన తరవాత ఆల్కహాలు, కార్బానిక్ ఆసిడ్, మిగిలినవి అన్నీ ఖర్చు వైపు. రెండు వైపులూ సమానం కావాలి, ఎందుకంటే ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ నశించదు. ఈ నియమాన్ని ఆయన తన పుస్తకంలో స్పష్టంగా చెప్పింది ఈ పులియడం గురించిన అధ్యాయంలోనే.

కానీ ఇందులో ఒక తమాషా ఉంది. పంచదారలో ఏ మూలకం ఎంతుందో ఆయన వేసిన అంకెలు సరైనవి కావు. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల మొత్తం కుదిరింది. బి.కామ్ చదివినవాళ్లకు ఇవి బాగా తెలుసు, కాంపెన్సేటింగ్ ఎర్రర్స్ అంటాం. ట్రయల్ బ్యాలెన్స్ కలిసినంత మాత్రాన పద్దులన్నీ ఒప్పు కావు. సూత్రం నిలబడింది, అంకెల్ని తరవాతివాళ్లు దిద్దారు. ఆయన ఖాతాలో ఈస్టు మాత్రం 10 పౌన్ల సరుకే. అది ఏం చేస్తోందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

4. ఎగతాళి చేసినవాళ్లు

1830ల చివర్లో ఫ్రాన్సులో కన్యార్ ద లా తూర్, జర్మనీలో ష్వాన్, కూట్సింగ్, ఈ ముగ్గురూ ఎవరికి వారు ఒకే మాట చెప్పారు: ఈస్టు ప్రాణి, పులియడం దాని బతుకులో భాగం.

అప్పటికి రసాయన శాస్త్రంలో పెద్ద తలకాయలు లీబిగ్, వోలర్. వాళ్లకు ఇది మళ్లీ 'ప్రాణశక్తి' వాదాన్ని దొడ్డిదారిన తేవడంలా కనిపించింది. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1828లో వోలర్ యూరియాను ప్రయోగశాలలో తయారుచేసి, జీవపదార్థానికి ప్రత్యేక శక్తి అక్కర్లేదన్న వాదానికి బలమిచ్చాడు. ఆ తెలివైనవాళ్లు చేసిందేమిటి? 1839లో తమ పత్రికలోనే పేరు లేకుండా ఒక ఎగతాళి వ్యాసం అచ్చువేశారు. సూక్ష్మదర్శినిలో బుల్లి జంతువులు కనిపించాయని, అవి బట్టీకుండీ ఆకారంలో ఉన్నాయని, పంచదార తిని ఒక దారి నుంచి ఆల్కహాలు, ఇంకో దారి నుంచి కార్బానిక్ ఆసిడ్ విసర్జిస్తున్నాయని, వాటి మూత్రాశయం షాంపేను సీసాలా ఉందని!

చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఖరీదైంది. పరిశీలన సరైనదా కాదా అని చూడకుండా, దాని వెనక ఉందనుకున్న సిద్ధాంతం నచ్చక పరిశీలననే తోసేశారు.

తరవాత పాశ్చర్ వచ్చాడు. 1857 నుంచి వరసగా చేసిన ప్రయోగాలతో పులియడానికి జీవులే కారణమని నిలబెట్టాడు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడింది. ఆ కసితో జర్మన్ బీరును మించిన బీరు చేయించాలని పరిశోధనకు దిగాడు. 1871లో లండన్‌లో విట్‌బ్రెడ్ కంపెనీకి వెళ్లి వాళ్ల పోర్టర్ బీరు ఈస్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఇది బాగా లేదు, ఇందులో వేరే క్రిములున్నాయి అని చెప్పాడు. వారం తరవాత మళ్లీ వెళితే కంపెనీవాళ్లు సొంత సూక్ష్మదర్శిని కొని పెట్టుకున్నారు. ఈ పనంతా 1876లో పుస్తకంగా వచ్చింది.

పాశ్చర్ గెలిచాడు, లీబిగ్ ఓడాడు అని ముగించవచ్చు. అయితే 1897లో బుక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్టును ఇసుకతో నూరి, రసం పిండి, ఒక్క బతికున్న కణం లేని ఆ రసంతోనే పంచదారను పులియబెట్టాడు. పని చేసేది కణం లోపలి ఎంజైములు. అంటే రసాయనమే! 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది. బతికిన ఈస్టు లేనిదే బీరు కాదన్నది పాశ్చర్ వైపు నిజం. ప్రాణశక్తి అనే దెయ్యం అక్కర్లేదన్నది లీబిగ్ వైపు నిజం. ఇద్దరికీ చెరో సగం జమ వేయాల్సిందే.

5. ఘాటు బీరు దగ్గర ఆగిన శుద్ధ ఈస్టు

ఇప్పుడు నా అసలు విషయానికొస్తున్నాను. పాశ్చర్ క్రిముల్ని తీసేయమన్నాడు. డెన్మార్కులో కార్ల్స్‌బెర్గ్ కంపెనీ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక అడుగు ముందుకు వేశాడు. క్రిములు మాత్రమే కాదు, ఈస్టులోనే మంచి రకాలు, చెడ్డ రకాలు ఉన్నాయి, బీరు చేదెక్కడానికి, మసకబారడానికి కొన్ని అడవి ఈస్టులు కారణం అన్నాడు. ఒకే ఒక్క కణాన్ని వేరు చేసి, దాని సంతానాన్నే పెంచి, 1883లో ఆ శుద్ధ ఈస్టుతో కంపెనీలో బీరు కాయించాడు. ఫలితం అద్భుతం. యజమాని జాకబ్సెన్ దాన్ని దాచుకోకుండా అడిగినవాళ్లకు ఇచ్చాడు. నార్విచ్‌వాళ్లు దేవుడి పేరుతో చేసిన పనినే ఈయన సైన్సు పేరుతో చేశాడు.

యూరప్ ఖండంలో లాగర్ బీరు చేసేవాళ్లు దీన్ని త్వరగా అందుకున్నారు. ఇంగ్లీషు బీరువాళ్లు మాత్రం మొరాయించారు. వాళ్ల గొప్ప సరుకు 'స్టాక్ బీరు'. ఎక్కువ గ్రావిటీతో కాచి, పీపాల్లో నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటి నిలవబెట్టేవాళ్లు. ఆ నిలవలో నెమ్మదిగా రెండోసారి పులిసి, దానికి ప్రత్యేకమైన వాసన, పొంగు వచ్చేవి. శుద్ధ ఈస్టుతో చేస్తే ఆ రెండో పులుపు సరిగా రాదు, మా బీరు మా బీరులా ఉండదు అన్నారు.

చరిత్ర పుస్తకాల్లో దీన్ని 'సంప్రదాయం వర్సెస్ సైన్సు' అని రాసేయడం తేలిక. నేనూ మొదట అలాగే చదివాను. చాదస్తపు ఇంగ్లీషువాళ్లు, తాతల అలవాటు వదలరు అని. కానీ 1904లో ఏం జరిగిందో చూడండి. ఈ చిక్కు విప్పినవాడు ఇంగ్లీషు సంప్రదాయవాది కాదు, కార్ల్స్‌బెర్గ్‌లోనే పనిచేసే క్లాసెన్, హాన్సెన్ పద్ధతిని నమ్మినవాడు. ఇంగ్లీషు స్టాక్ బీరుల్ని తెప్పించి పరీక్షించి, రెండోసారి పులియబెట్టేది వేరే జాతి ఈస్టు అని కనిపెట్టాడు. బ్రిటన్ బూజు అనే అర్థం వచ్చేలా దానికి 'బ్రెటనోమైసిస్' అని పేరు పెట్టాడు. శుద్ధ ఈస్టుతో కాచిన బీరులో దీన్ని విడిగా పెంచి వేస్తే ఆ పాత వాసన, పొంగు వచ్చాయి. మొదటి ఈస్టు తినలేక వదిలేసిన పంచదార గొలుసుల్లో కొన్నిటిని ఇది నెమ్మదిగా తినగలదు.

ఇంగ్లీషువాళ్ల పరిశీలన నిజం, వాళ్లు చెప్పిన కారణాలు తప్పు. హాన్సెన్ పద్ధతి నిజం, ఒక్క ఈస్టు చాలన్న ఊహ ఆ బీరు వరకు తప్పు. క్లాసెన్ ఎవరినీ ఎగతాళి చేయలేదు. "తేడా ఉందంటున్నారు, నిజంగా ఉందా? ఉంటే దేనివల్ల?" అని చూశాడు, అంతే. ఇవాళ చాలా బీరు ఫ్యాక్టరీల్లో అదే బ్రెటనోమైసిస్ కనిపిస్తే కంగారుపడి కడుగుతారు. బెల్జియంలో ఓర్వాల్ మఠంవాళ్లు దాన్ని కావాలనే వాడతారు. జీవి ఒకటే, పద్దు ఎటు వైపు రాయాలన్నది పని మీద ఆధారపడుతుంది.

6. గాలి ఎందుకు కావాలి

ఎంపిక సంగతి అది. ఎంత వేయాలి, ఎలా వేయాలి అన్నది ఇంకా ఆలస్యంగా తేలింది. ఈస్టు గాలి లేకుండా బతుకుతుందని పాశ్చర్ గొప్పగా చూపించాడు. అయినా బీరు కాచేవాళ్లు మొదట్లో వర్ట్‌కు గాలి తగిలేలా చేస్తూనే ఉన్నారు. యార్క్‌షైరులో అయితే అడుక్కి పేరుకునే మొండి ఈస్టును లేపడానికి పులిసే బీరును పంపు చేసి తిరగబోసేవాళ్లు.

కారణం 1953, 1954లో తెలిసింది. ఆండ్రీసెన్, స్టియర్ అనే ఇద్దరు అమెరికన్లు, గాలి బొత్తిగా లేని చోట ఈస్టు పెరగాలంటే ఎర్గోస్టెరాల్, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు బయటి నుంచి అందాలని చూపించారు. కణం చుట్టూ ఉండే పొరకు ఇవి కావాలి. వాటిని సొంతంగా తయారుచేసుకోవడానికి ఆక్సిజన్ కావాలి. కణం రెండయినప్పుడల్లా ఉన్న సరుకును తల్లీ పిల్లా పంచుకోవాలి. నాలుగైదు తరాలు గడిస్తే పొర పలచబడుతుంది.

ఘాటు బీరులో మూడు కష్టాలు ఒకేసారి వస్తాయి. చిక్కటి పంచదార కణంలోని నీటిని లాగుతుంది. చిక్కటి వర్ట్‌లో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. చివర్లో పెరిగిన ఆల్కహాలు పొర బలహీనపడ్డ కణాన్ని దెబ్బతీస్తుంది. అందుకే రకం కూడా చూసుకోవాలి. కొన్ని రకాలు ముందే ముద్దకట్టి అడుక్కి దిగిపోతాయి, కొన్ని ఎక్కువ ఆల్కహాలును తట్టుకుంటాయి. స్విట్జర్లాండులో హ్యూర్లిమాన్ కంపెనీ అలా తట్టుకునే ఈస్టుతోనే 14 శాతం ఆల్కహాలున్న సామిక్లౌస్ బీరు చేసింది.

7. మా అల్లుడి ఆడిట్ రిపోర్టు

ఇంత చదివాక ఫోన్ చేసి ప్రశ్నలు అడిగాను. వర్ట్ 20 లీటర్లు. 1.092 అంటే సుమారు 22 ప్లేటో డిగ్రీలు, అంటే నూటికి 22 వంతులు పంచదార సరుకు. ఏల్ రకం బీరుకు బీరు కాచేవాళ్లు వాడే వాడుక లెక్క, మిల్లీలీటరుకు, డిగ్రీకి ఏడున్నర లక్షల కణాలు. గుణిస్తే 33,000 కోట్ల కణాలు కావాలి.

అతను వేసింది ద్రవరూపంలోని ఈస్టు ప్యాకెట్ ఒకటి. తయారైన రోజు అందులో సుమారు 10,000 కోట్లు ఉంటాయని అంచనా. ప్యాకెట్ వయసు మూడు నెలలు. వాడుక లెక్క ప్రకారం సగమే బతికి ఉంటాయి. మా శాఖ భాషలో స్టాకు రిజిస్టరులో 10,000 ఉన్నా సర్వీసబుల్ 5,000 మాత్రమే. కావలసిన దాంట్లో 15 శాతం! ఉన్న కొద్దిపాటివి పిల్లల్ని కని కని పొరలు పలచబడి, 6 శాతం ఆల్కహాలు దగ్గర చేతులెత్తేశాయి. గాలి పట్టించావా అంటే, "కాస్త కుదిపాను మామయ్యా" అన్నాడు.

"మొదట్లోనే రెండు రోజుల ముందు పలచటి వర్ట్‌లో ఈస్టును పెంచుకోవాల్సింది, లేదా తాజా ప్యాకెట్లు ఎక్కువ వేయాల్సింది, చల్లారిన వర్ట్‌కు బాగా గాలి పట్టించాల్సింది" అన్నాను. ఇప్పుడు గాలి పట్టిస్తే బీరు పాడవుతుంది. అందుకని అతను ఘాటుకు తట్టుకునే రకం తెచ్చి, విడిగా పెంచి, జోరుగా పొంగుతున్నప్పుడు దాన్ని డ్రమ్ములో కలిపాడు. మూడు వారాలకు 1.026కు దిగింది. అనుకున్న 1.022 రాలేదు. రిపోర్టులో అదీ రాయాలి కదా. డ్రమ్ము మాత్రం నైరుతి మూలలోనే ఉంది.

8. ఒక పాత బాకీ

ఇది చదువుతున్నంత సేపూ నాకొక మనిషి గుర్తొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూఢనమ్మకాల మీద ప్రచారానికి మేం కొందరం ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ కల్లు గీసే పెద్దాయన ఒకడు లొట్టిని పూర్తిగా కడగకుండా అడుగున కొంచెం మడ్డి ఉంచి మళ్లీ చెట్టుకు కడుతున్నాడు. ఎందుకని అడిగితే, అది ఉంటేనే కల్లు త్వరగా పొంగుతుంది, అమ్మవారి చలవ అన్నాడు. నేను జనం ముందు అతన్ని గట్టిగా వెక్కిరించాను. మురికిని అమ్మవారంటున్నాడు చూడండి అన్నాను. అందరూ నవ్వారు. ఆయన తల వంచుకుని మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మడ్డిలో ఉన్నది ఈస్టు. అతను చేస్తున్నది తోడుపెట్టడం. తియ్యటి నీరా కావాలంటే లొట్టికి సున్నం పూయాలని కూడా అతనికి తెలుసు. సున్నం పులియడాన్ని అడ్డుకుంటుందని నేను తరవాత పుస్తకాల్లో చదివాను. అమ్మవారి మాట తప్పు. మడ్డి మాట నూటికి నూరు పాళ్లూ ఒప్పు. నేను రెండింటినీ కలిపి ఒకే గీతతో కొట్టేశాను. లీబిగ్ అంతటివాడు చేసిన తప్పే, ఆయన పాండిత్యంలో వెయ్యో వంతు కూడా లేకుండా.

వాస్తుకు, ఈ మడ్డికి తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. డ్రమ్మును మూల మార్చి చూడండి, గ్రావిటీ మారదు. మడ్డి తీసేసి చూడండి, పొంగే వేళ మారుతుంది. తేడా అంతే, అది కొలిస్తేనే తెలుస్తుంది. కొలవకుండా రెండింటినీ నమ్మేవాడూ, కొలవకుండా రెండింటినీ నవ్వేవాడూ నా లెక్కలో ఒకటే.

ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. ఈపాటికి ఉండి ఉండడు. మా రోజుల్లో ఆడిట్ అభ్యంతరం తప్పని తేలితే రాసిన ఆఫీసరే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. నలభై ఏళ్లు ఆలస్యమైంది. అయినా ఇప్పుడు తీసుకుంటున్నాను.